ఇంగ్లీషు మాటకు ఇంటి కొండగుర్తు: విద్యా పేజీకి ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో రోజూ పది ఇంగ్లీషు మాటలు, పక్కన వాటి తెలుగు అర్థాలు వేస్తున్నారు. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు బ్యాంకు పరీక్షలకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు, విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్ఈకి చదువుకునే తెలుగిళ్ల పిల్లలు ఆ ముక్కను కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటున్నారు. అంటించిన మాటలు బుక్కులోనే ఉండిపోతున్నాయి. నెల తిరిగాక అడిగితే పదింటిలో రెండు మూడు చెబితే గొప్ప. ఆ తప్పు పిల్లలది కాదు. ఎరగని మాటను, దానికే సంబంధం లేని అర్థాన్ని పక్కపక్కన పెట్టి పదిసార్లు వల్లించమంటే, రెంటినీ కలిపి ఉంచే ముడి ఏదీ లేదు. ఆ ముడి వేసేదే కొండగుర్తు. దాన్ని మీ పేజీలో ఎలా ఇవ్వవచ్చో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

కొండగుర్తు మనకు కొత్త కాదు. ఛందస్సులో ఎనిమిది గణాలను ‘యమాతారాజభానసలగం’ అనే ఒక్క మాటలో దాచినవాళ్లం. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే చాలు. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. తరాలుగా బడిపిల్లలు దీన్ని మరిచిపోలేదంటే కారణం, పలకడానికి అది ఒక తమాషా మాటలా ఉండటమే.

ఇంగ్లీషు మాటకు కొండగుర్తు వేయాలంటే రెండు అతుకులు కావాలి. మొదటిది ధ్వని: ఆ ఇంగ్లీషు మాట చెవిన పడగానే ఇంట్లో వాడే ఏ తెలుగు మాట గుర్తొస్తోంది? రెండోది బొమ్మ: ఆ తెలుగు మాట, ఇంగ్లీషు మాట అర్థం, రెండూ ఒకే దృశ్యంలో ఏదో పని చేస్తూ కనబడాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ అట్కిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరుడితో కలిసి దీన్ని పరీక్షించి, ఫలితాలను 1975లో ప్రకటించారు. 120 రష్యన్ మాటలు, రోజుకు 40 చొప్పున మూడు రోజులు. మర్నాటి పరీక్షలో కొండగుర్తుతో నేర్చినవాళ్లు నూటికి 72 మాటల అర్థం చెప్పారు, తమకు తోచిన పద్ధతిలో నేర్చినవాళ్లు 46. ఆరు వారాల తర్వాత అడిగితే మొదటివాళ్లు 43, రెండోవాళ్లు 28. ఈ 72, 46 తేడానే అందరూ చెబుతారు. 72 కాస్తా 43 అయిందన్నది మాత్రం వదిలేస్తారు. పునశ్చరణ లేకపోతే ఎంత మంచి కొండగుర్తయినా చెరిగిపోతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

ఒక మాట తీసుకుందాం. ‘వొరేషస్’ అంటే ఆబగా తినేవాడు. చెవికి ‘ఒరే, శేషం’ అన్నట్టు వినిపిస్తుంది. పెళ్లి పంక్తిలో ఒకడు విస్తరిలోది ఊడ్చేసి గుండిగ మీద పడ్డాడు. వంటాయన గరిటె ఎత్తి ‘ఒరే, శేషమైనా ఉంచరా’ అని అరుస్తున్నాడు. ఈ దృశ్యాన్ని కళ్లు మూసుకుని పది సెకన్లు చూడాలి. గరిటె కనబడాలి, అరుపు వినబడాలి. తర్వాత ఆ మాట వాడుకలో ఎలా ఉంటుందో ఒక వాక్యంలో చూడాలి. ‘వొరేషస్ రీడర్’ అని ఇంగ్లీషులో చాలా తరచుగా అంటారు, అంటే పుస్తకాలను నమిలి మింగేవాడు. బొమ్మ తిండి దగ్గరే ఆగిపోతుంది, వాక్యం దాన్ని చదువు దాకా తీసుకెళుతుంది. వాక్యం లేకుండా బొమ్మ ఒక్కటే ఇస్తే, పరీక్షలో ‘వొరేషస్ రీడర్’ కనబడినప్పుడు పిల్లాడు తెల్లమొహం వేస్తాడు.

బొమ్మలో అర్థం పని చేయాలి, పక్కన నిలబడితే చాలదు. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ‘గ్యారలస్’ అంటే అతిగా వాగేవాడు. చెవికి వెంటనే గారెలు తడతాయి. గారెలు తింటున్న మనిషిని బొమ్మగా వేసుకుంటే, పరీక్షలో గారెలు గుర్తొస్తాయి, పిల్లాడు ‘తిండిపోతు’ అని గుర్తు పెట్టి వస్తాడు. పైగా పెళ్లి పంక్తిలో వొరేషస్ గాడు ముందే కూర్చుని ఉన్నాడు, ఇద్దరూ కలిసిపోతారు. అందుకని తినేవాణ్ణి తీసేసి గారెకే పని అప్పజెప్పాలి. బాండీలో వేగుతున్న గారెలన్నీ నడిమి చిల్లునే నోరుగా చేసుకుని ఒకటే వాగుడు. చిల్లు మూతపడదు, వాగుడు ఆగదు. ఇప్పుడు గారె అనుకోగానే నోరు, నోరు అనుకోగానే వాగుడు వస్తుంది. తిండి వైపు దారి మూసేశాం.

దానికి ఎదురు మాట ‘లకానిక్’, ముక్తసరిగా మాట్లాడేవాడు. ‘లెక్క’ చాలు: ఒక్కో మాటకు ఒక్కో రూపాయి లెక్కపెట్టి ఇచ్చినట్టు మాట్లాడతాడు. ఈ మాటకు నిజమైన పుట్టుకథ కూడా ఉంది. గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. అక్కడివాళ్లు పొదుపు మాటలకు పేరుపడ్డారు. ఇలాంటి కథ దొరికినప్పుడు వేళాకోళం కన్నా కథే గట్టిది, రెండూ ఇస్తే మరీ మంచిది. ‘మెన్‌డేషస్’ అంటే అబద్ధాలకోరు: మెండుగా వేషాలు వేసేవాడు. ‘గలిబుల్’ అంటే ఏం చెప్పినా నమ్మేవాడు: గాలి కబుర్లకు తలాడించే బుల్లు, అంటే గంగిరెద్దు. ‘పల్లిడ్’ అయితే శ్రమే అక్కర్లేదు, పాలిపోయిన మొహం.

ధ్వని విషయంలో ఒక గట్టి హెచ్చరిక. ముందు నిఘంటువు యాప్‌లో ఆ మాటను మూడుసార్లు విని, ఆ తర్వాతే కొండగుర్తు వెతకాలి. అక్షరాలు చూసి వేసిన కొండగుర్తు తప్పు పలుకును కూడా పాతేస్తుంది. ఉదాహరణకు, బక్కచిక్కి ఎముకలు తేలినవాణ్ణి చెప్పే మాటను చాలామంది ‘ఎమేసియేటెడ్’ అని చదివి, ‘ఏం మేసి ఇలా అయ్యావురా’ అని గుర్తు పెట్టుకుంటారు. గుర్తు బాగా కుదిరింది కానీ అసలు పలుకు ‘ఇమేషియేటెడ్’. ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే ‘ఏం మేసి’ బయటపడుతుంది. ఇలాంటి చోట కొండగుర్తు ఉంచుకోవచ్చు కానీ, కార్డు మీద అసలు పలుకును దానికన్నా పెద్ద అక్షరాలతో రాయాలి. చూసిన అక్షరాలకూ పలికే తీరుకూ పొంతన లేని ‘ఎపిటమీ’, ‘హైపర్బలీ’ లాంటివాటికి ఇది మరీ ముఖ్యం. వాటిని ‘ఎపిటోమ్’, ‘హైపర్‌బోల్’ అని చదివి గుర్తు వేసుకుంటే సరిదిద్దడం కష్టం. మా వైపు ఇంకో చిక్కు ఉంది. ఒడియా మాటలో ‘వ’ చాలాచోట్ల ‘బ’గా పలుకుతుంది. ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లలు కొందరు వొరేషస్‌ను ‘బొరేషస్’ అంటారు. ‘ఒరే’ అన్న కొండగుర్తు పలుకును పెదాల దగ్గర ‘బ’ కాకుండా ఆపుతుంది గానీ, ‘వ’ను మాత్రం పైపళ్లను కింది పెదవికి ఆనించి విడిగా సాధన చేయించాల్సిందే.

కొండగుర్తులు ఒకదాన్నొకటి తొక్కేయడం రెండో ప్రమాదం. ‘కజోల్’ అంటే బుజ్జగించి ఒప్పించడం. పూరీ ఊరి కాజా ఇచ్చి బుజ్జగించడం. ‘ప్లకేట్’ అంటే కోపంలో ఉన్నవాణ్ణి చల్లబరచడం. పిల్లకు కేకు ఇచ్చి చల్లబరచడం. ‘మిటిగేట్’ అంటే బాధ తీవ్రతను తగ్గించడం, మిఠాయి, గేటు. విడివిడిగా మూడూ మంచివే. ఒకే వారం మూడూ నేర్పితే మూడు తీపి వస్తువులు, మూడు ఏడుపులు, మూడు ఓదార్పులు కలిసి ముద్దవుతాయి. దీనికి విరుగుడు రెండు రకాలు. మొదటిది, దగ్గరి అర్థాల మాటలను ఒకే రోజు ఇవ్వకూడదు. కనీసం వారం ఎడం ఉండాలి. పర్యాయపదాలన్నీ ఒకే పెట్టెలో వేసి ఇచ్చే అలవాటు పత్రికలకు, కోచింగ్ నోట్సులకు బాగా ఉంది. చూడటానికి అందంగా ఉంటుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. రెండోది, ఒక్కో బొమ్మను ఒక్కో చోట పెట్టాలి. కాజా పూరీలో జగన్నాథ రథం నడిచే పెద్ద వీధి, బడదాండ మీద. కేకు పర్లాకిమిడి బస్టాండులో. మిఠాయి రైలు గేటు దగ్గర: గేటు పడిపోయింది, ఎండ మండుతోంది, గేటు తీయరు, అయినా మిఠాయి బుగ్గన పెట్టుకున్నాక ఎండ బాధ కాస్త తగ్గింది. గేటు తెరుచుకోలేదన్నది ఇక్కడ కీలకం. మిటిగేట్ అంటే బాధ పోవడం కాదు, తగ్గడం మాత్రమే.

‘ప్లకేట్’ గురించి ఇంకొక్క మాట. ఒడియాలో ‘పిలా’ అంటే పిల్లాడే. కాబట్టి ఈ గుర్తు పక్క బెంచీలోని ఒడియా పిల్లాడికీ పని చేస్తుంది. గారెలది అలా కాదు, వాళ్లు గారెను బరా అంటారు. రెండు భాషల పిల్లలున్న తరగతిలో ఏ గుర్తు ఎవరికి పనికొస్తుందో ఉపాధ్యాయుడు ముందే చూసుకోవాలి. ఇద్దరికీ కలిసొచ్చేది సంస్కృతం నుంచి వచ్చిన మాటల దారి. అక్కడ వేళాకోళం అక్కర్లేదు, నిజమైన చుట్టరికమే ఉంది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికి, లాటిన్‌కు, గ్రీకుకు ఉన్న పోలికను ఎత్తి చూపాడు. ఇంగ్లీషులోకి లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాటలు ఎన్నో మనం వాడే తత్సమాలకు దాయాదులు. అగ్నికి ‘ఇగ్నైట్’, స్వప్నానికి ‘ఇన్‌సామ్నియా’, ‘సామ్నలెంట్’, సర్పానికి ‘సర్పెంటైన్’, జానువుకు మోకరిల్లడమనే ‘జెన్యుఫ్లెక్ట్’, దంతానికి ‘డెంటల్’. కార్డు మీద ఇలాంటివాటికి ‘చుట్టం’ అనీ, తమాషా గుర్తులకు ‘వేళాకోళం’ అనీ ఒక మూల రాసుకోవాలి. లేకపోతే పల్లిడ్ అనే మాట ‘పాలిపోవు’ నుంచే పుట్టిందని నమ్మి నలుగురికీ చెప్పేవాళ్లు తయారవుతారు. అది వట్టి కాకతాళీయం. పల్లిడ్ లాటిన్ మాట, పాలిపోవడం మనది.

తమాషా ఎంత ఉండాలి? ప్రతి మాటకూ కాదు. నలుగురు మామూలు మనుషుల మధ్య ఒక పగటి వేషగాడు ఉంటే కళ్లు అతని మీదే ఉంటాయి, అందరూ వేషాలు వేసుకుంటే ఎవరూ గుర్తుండరు. వింత బొమ్మలు మామూలు వాటితో కలిసి ఉన్నప్పుడే వాటి బలం అని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలలో చూశారు. ఎనిమిది మాటల్లో మూడింటికి వేళాకోళం, రెండింటికి చుట్టరికం, మిగతావాటికి మంచి వాక్యం చాలు. ఒక నిమిషం ఆలోచించినా గుర్తు తట్టకపోతే ఆ మాటను వాక్యంతోనే నేర్చుకోవాలి. లాగి పీకి అతికించిన గుర్తును గుర్తుంచుకోవడానికే ఇంకో గుర్తు కావాల్సొస్తుంది.

బూతు, కులం, ఒంటి రంగు, ఆడవాళ్ల మీద చులకన, మా వైపు గిరిజనులైన సవరలను గానీ ఇంకెవరినైనా గానీ తక్కువ చేసే మాట కొండగుర్తులో ఉండకూడదు. అలాంటివి త్వరగా తలకెక్కుతాయన్నది నిజమే. కానీ తరగతిలో గట్టిగా చెప్పుకోలేని గుర్తును పునశ్చరణ చేయలేం. పైగా ఆ ఇంగ్లీషు మాట ఎప్పుడు వినబడినా ఆ చులకన కూడా మనసులో మెదులుతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

అర్థం పట్టుబడినా వాడుక పట్టుబడకపోవడం ఇంకో లోపం. ‘పార్సిమోనియస్’ను పార్సిల్, మనీ అని విడదీసి, పార్సిల్ కట్టించుకుని మనీ ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టి తీయని మనిషిగా ఊహిస్తే పిసినారి అని బాగా గుర్తుంటుంది. ‘ఫ్రూగల్’ కూడా ఖర్చు తగ్గించేవాడే, కానీ అది మెప్పు. పార్సిమోనియస్ తెగడ్త. మనం పొదుపరి, పిసినారి అని వేరుచేసినట్టే. కార్డు మీద అర్థం పక్కన ప్లస్ గుర్తో, మైనస్ గుర్తో వేస్తే సరిపోతుంది. జీఆర్ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలను 2011లోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి మాట ఎంచుకోమంటారు. ఆ ఖాళీకి మెప్పు కావాలా, తెగడ్త కావాలా తెలియకపోతే అర్థం తెలిసీ తప్పుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు డిగ్రీ చదివినవాళ్లు రాసే స్టాఫ్ సెలక్షన్ సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు, ఒక్కో తప్పుకు అర మార్కు కోత. అక్కడ పర్యాయ, వ్యతిరేక పదాలు అడుగుతారు కాబట్టి కొండగుర్తుల పంట నేరుగా చేతికొస్తుంది.

కవలల్లాంటి మాటలకు ధ్వని గుర్తు పనికిరాదు, అక్షరం గుర్తే కావాలి. ‘వీనల్’ అంటే లంచానికి లొంగేవాడు, ‘వీనియల్’ అంటే క్షమించదగిన చిన్న తప్పు. రెండోదాంట్లో ఒక ‘ఐ’ అక్షరం ఎక్కువ. ఐ అంటే నేను. నా తప్పు ఎప్పుడూ చిన్నదే, క్షమించదగినదే. పలుకు ఒకటే అయిన ‘డిస్క్రీట్’లు రెండున్నాయి: ఒకటి గుట్టుగా ఉండేది, రెండోది విడివిడిగా ఉండేది. విడివిడి అర్థం ఉన్నదాంట్లో రెండు ‘ఈ’ అక్షరాల మధ్య ‘టీ’ అక్షరం గోడలా నిలబడి వాటిని విడదీస్తుంది.

ఇక పునశ్చరణ. పోస్టుకార్డును సగానికి కోస్తే సుమారు 7 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్ల ముక్క వస్తుంది. మందపాటి కాగితం ఏదైనా ఆ కొలతకు కోసుకోవచ్చు. ముందువైపు ఇంగ్లీషు మాట మాత్రమే. వెనక పలుకు, గుర్తు, అర్థం, ప్లస్ లేదా మైనస్, ఒక వాక్యం. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన అయిదు అరల పెట్టెను ఖాళీ చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి చేసుకోవచ్చు. మొదటి అర రోజూ చూడాలి, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి, నాలుగోది పదిహేను రోజులకు, అయిదోది నెలకు. చెప్పగలిగిన కార్డు తర్వాతి అరలోకి వెళుతుంది, తప్పిన కార్డు ఏ అరలో ఉన్నా మొదటి అరకు తిరిగి రావాలి. నాలుగో అర నుంచి మొదటికి తేవడానికి పిల్లలకు మనసొప్పదు, మూడో అరలో పెట్టేస్తుంటారు. పెట్టె పని చేయకపోవడానికి సాధారణంగా ఇదే కారణం. మూడో అర నుంచి కార్డును తిప్పి కూడా అడగాలి: అర్థం చూపించి మాట చెప్పమనాలి. గ్యారలస్ చూసి వాగుడు చెప్పడం తేలిక, వాగుడు అనగానే గ్యారలస్ నోటికి రావడం కష్టం. రాతకు, మాటకు కావలసింది ఆ రెండోదే.

రోజుకు ఎనిమిది కొత్త మాటలు, వారానికి ఆరు రోజులు, ఆదివారం పాతవి మాత్రమే. మూడు నెలలకు ఆరువందల పైచిలుకు అవుతాయి. రోజుకు ముప్పై చొప్పున మొదలుపెట్టినవాళ్లు రెండో వారంలో పెట్టె మూసేస్తారు, ఎందుకంటే మొదటి అర పొంగిపోతుంది. కొన్నాళ్లకు మాట చూడగానే గారె లేకుండానే అర్థం తడుతుంది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు ఊడదీసినట్టు అప్పుడు గుర్తును వదిలేయడమే.

ఈ ఉత్తరం సరిహద్దు నుంచి ఎందుకు రాస్తున్నామో చెప్పాలి. దేశమంతటికీ పాఠాలు చెప్పే యాప్‌లలో, వీడియోలలో దొరికే కొండగుర్తులు ఎక్కువగా హిందీ మాటల మీద కట్టినవి. మా పిల్లలకు ముందు ఆ హిందీ మాట అర్థం చెప్పాలి, అప్పుడు ఇంగ్లీషు మాట. గుర్తుకే గుర్తు కావాలి. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం, రాయడం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. అయినా ఇంట్లో అమ్మతో, మామ్మతో మాట్లాడే తెలుగు నిండుగా ఉంది. కొండగుర్తుకు లిపి అక్కర్లేదు, చెవి చాలు. బడిలో ఎందుకూ పనికిరాదనుకున్న ఆ ఇంటి తెలుగు ఇక్కడ పెట్టుబడి అవుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. సవరల మాట నేర్చుకుని దానికి నిఘంటువు కట్టింది, జనం నోట ఆడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడింది ఆయనే.

అందుకని మా విన్నపం ఇది. రోజుకు పది మాటలు మాని అయిదు వేయండి. తక్కిన మూడు పిల్లలు తాము చదివినదాంట్లోంచి ఏరుకుంటారు. మాట పక్కన సరైన పలుకు, రెండు వాక్యాలకు మించని కొండగుర్తు, అర్థం, మెప్పో తెగడ్తో, ఒక ఇంగ్లీషు వాక్యం ఉండాలి. చుట్టమో వేళాకోళమో చెప్పాలి. మొదటి యాభై మాటలకు గుర్తులు మీరే ఇవ్వండి. తర్వాత రోజుకు ఒక మాట దగ్గర గుర్తు గడిని ఖాళీగా వదలండి, పాఠకులు పంపినవాటిలో మంచిదాన్ని మరుసటి వారం వేయండి. ఆ ఎంపికకు బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు పలుకుబడి తెలిసినవారు ఒకరు ఉంటే, విజయవాడలో తట్టని గుర్తులు కూడా వస్తాయి. ఆదివారం కొత్త మాటలు వద్దు. ఆ వారం ముప్పై మాటలతో ఖాళీలున్న వాక్యాలు వేసి, జవాబులు సోమవారం ఇవ్వండి. పొట్టి మాటల్లో రాస్తే ఇంట్లో తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు పైకి చదువుతారు, పిల్లలు తమకొచ్చిన లిపిలో కార్డు రాసుకుంటారు. మొదటి వారానికి పైన చెప్పిన గ్యారలస్, లకానిక్, వొరేషస్, మెన్‌డేషస్, గలిబుల్ వాడుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు. గ్యారలస్, లకానిక్ మాత్రం ఒకే రోజు వేయకండి.

ఇట్లు,
ఇంగ్లీషు బోధించే కొందరు ఉపాధ్యాయులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా